కీమో జరుగుతున్న ఇంట్లో మంచినీళ్లు: కాచినవా, ఆర్వోవా, క్యాను నీళ్లా?

ఇంట్లో ఒకరికి క్యాన్సర్‌కు కీమో మొదలైనా, కిడ్నీ మార్పిడి జరిగినా తాగే నీళ్లు జాగ్రత్త అని డాక్టర్లు చెప్పే పంపిస్తారు. ఏ నీళ్లన్నది తేల్చుకోవడంలోనే ఇంట్లో గొడవ. వేలు పోసి మెషీన్ పెట్టించాక మళ్లీ కాచడమేంటని ఒకరు, క్యాను నీళ్లు తియ్యగా ఉంటాయని ఇంకొకరు.

మామూలు మనిషికి సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా సోకితే చాలావరకు వారం లోపు విరేచనాలతో పోతుంది. కీమో తీసుకునేవారి సంగతి వేరు. ఆ మందులు పేగు లోపలి పొరనూ దెబ్బతీస్తాయి, తెల్లరక్తకణాలనూ తగ్గిస్తాయి. చాలా మందులకు ఈ కణాలు బాగా పడిపోయేది డోసు ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య. అప్పుడు కొద్దిపాటి బ్యాక్టీరియా కూడా పేగు దాటి రక్తంలో పడగలదు. హెచ్ఐవీ ముదిరినవారిలో ఇలా సాల్మొనెల్లా పదేపదే రక్తంలో చేరడాన్ని 1987లోనే ఎయిడ్స్ గుర్తుల జాబితాలో చేర్చారు. అన్నట్టు, పొద్దున్నే పరగడుపున వేసుకునే గ్యాసు గోలీ కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది. తిండితో, నీళ్లతో వచ్చే క్రిముల్లో చాలావాటిని చంపేది ఆ ఆమ్లమే. డాక్టరు రాసిన గోలీ మానొద్దు. ఎవరూ రాయకుండానే ఏళ్ల తరబడి మింగుతున్నవాళ్లు మాత్రం అది ఇంకా అవసరమా అని ఒకసారి అడగాలి.

ఇక నీళ్లు. క్రిముల వరకే చూస్తే కాచిన నీళ్లదే పైచేయి, నాకు ఇందులో సందేహం లేదు. బ్యాక్టీరియా, వైరస్‌లతో పాటు క్లోరిన్‌కు లొంగని క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవీ చస్తుంది. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఈ పరాన్నజీవే కుళాయి నీళ్లలో కలిసి సుమారు 4 లక్షల మందిని మంచాన పడేసింది. చనిపోయినవారిలో ఎక్కువమంది ఎయిడ్స్ రోగులు. పావుగంట మరిగించి గ్యాసు తగలేయక్కర్లేదు. సలసల తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు. 2,000 మీటర్లు దాటిన కొండల మీదైతే మూడు నిమిషాలు. అరకు, లంబసింగి ఆ ఎత్తుకు చాలా కిందే ఉన్నాయి, అక్కడా నిమిషమే.

చెడేదంతా కాచాకే. మరిగిన నీళ్లలో క్లోరిన్ మిగలదు, మళ్లీ క్రిమి పడితే అడ్డుకునేది ఏమీ లేదు. వెడల్పు మూతి గిన్నెలో చల్లార్చి, వచ్చినవాళ్లందరూ గ్లాసు ముంచుకుంటే కాచిన పుణ్యం వేళ్ల సందున పోయినట్టే. కాచిన గిన్నెలోనే మూతపెట్టి చల్లార్చాలి. తర్వాత కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ములోకి పోసి, ఏ రోజువి ఆ రోజు వాడెయ్యాలి. తొందరగా చల్లారతాయని పచ్చినీళ్లు కలిపే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అది మానాలి. రాగి బిందెలో పోసినా ఇదే లెక్క. రాత్రంతా నిలవుంటే కొంత బ్యాక్టీరియా తగ్గుతుంది నిజమే, రోగనిరోధక శక్తి పడిపోయినవారికి ఆ కొంత చాలదు.

ఆర్వో మెషీన్ చేసే పని కాచడం చెయ్యలేదు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల బోరునీళ్లలో ఉండే ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు. నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది కూడా. అలాంటి చోట ఆర్వో ఉండాల్సిందే. లోపల నీటిని వడకట్టే పల్చటి పొర, అదే మెంబ్రేన్, బాగుంటే బ్యాక్టీరియానూ ఆపుతుంది. తంటా దాని టాంకుతోనే. వడకట్టిన నీరు క్లోరిన్ లేకుండా గంటల తరబడి అందులో నిలుస్తుంది, గోడలకు జిగురు పొర కడుతుంది, బ్యాక్టీరియా అక్కడ కాపురం పెడుతుంది. క్రిముల్ని చంపడానికి మెషీన్‌లో పెట్టే యూవీ లైటు నీలంగా వెలుగుతున్నంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదు. వెలుతురు ఉంటుంది, చంపే శక్తి తగ్గిపోతుంది. మెంబ్రేన్ చిరిగినా బయటికి తెలియదు. అందుకే ఫ్లోరైడ్, ఉప్పదనం ఉన్న ఊళ్లలో ఆర్వో నీళ్లు పట్టి, రోగి తాగేవి మళ్లీ కాచడం మేలు. నది నీరు శుద్ధి చేసి పంపే ఊళ్లలో కుళాయి నీళ్లు వడగట్టి కాస్తే సరిపోతుంది, ఇందుకోసం కొత్తగా మెషీన్ కొనక్కర్లేదు.

క్యాను నీళ్లు నా వరసలో చివర. ప్లాంటులో నీళ్లు బాగానే శుద్ధి అయి ఉండొచ్చు, ఆ ఇరవై లీటర్ల క్యాను లోపల ఎలా కడిగారో, మూత ఎవరి చేతుల మీదుగా పడిందో మనకు కనిపించదు. తప్పనప్పుడు అవే తెచ్చి కాచండి. పెళ్లిళ్లలో వచ్చే కూలింగ్ క్యాన్లు, ఐసు, చెరకురసం మాత్రం రోగికి వద్దు. ప్రయాణంలో సీలు తియ్యని సీసా నయం.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పటిలా, పొయ్యి వెలిగించే వీలు లేని రోజులొస్తే క్లోరిన్ బిళ్లలు ఆదుకుంటాయి. తేటనీళ్లలో ప్యాకెట్ మీద రాసిన లెక్కన వేసి అరగంట ఆగాలి. క్రిప్టోస్పోరిడియం వీటికి చావదు గనుక పొయ్యి వెలిగేదాకే ఈ ఏర్పాటు.

ఏ నీళ్లు తాగినా, కీమోలో ఉన్నవారికి జ్వరం 100.4 డిగ్రీలు తాకితే, విరేచనాలు ఉన్నా లేకపోయినా, అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. విరేచనాలు కట్టే గోలీ షాపులో కొని వెయ్యొద్దు.