మైపాడు దారిలో మెస్సు: మే నెలలో వంజరం అడగొద్దు

నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఆరు బల్లల మెస్సు. మొన్న ఆదివారం వంజరం వేపుడు కోసమే వెళ్లాం. "వేట లేదన్నా, జూన్ 14 దాకా సముద్రం చేప వండం" అంది వడ్డించే అక్క. నా మొహం మాడిపోయింది. టౌన్లో దొరుకుతోంది కదక్కా అన్నాను. "అది ఐసులో ఎన్నాళ్లు పడుందో!" అని నవ్వేసింది.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు ఇంజిన్ పడవలు ఒడ్డునే ఉండాలి. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఒక్కడు దొంగచాటుగా పోతే మిగతావాళ్లూ ఆగరు. జాలర్ల ఊళ్లో సర్కారు ఆర్డరు కన్నా పెద్దకాపుల (ఊరి కులపెద్దల) మాటకే భయమట, తప్పు కట్టాల్సొస్తుందని. పులికాట్ సరస్సులో తమిళనాడు వైపైతే ఇలాంటి కట్టుబాటుతోనే వల వేసే తావుల్ని వంతులేసి పంచుకుంటారు. దాన్ని 'పాడు' అంటారు.

సరే, తిండి సంగతి. బొచ్చె పులుసు పెట్టారు, చెరువు చేప. రాత్రే వండి మట్టిచట్టిలో ఉంచారు. మామిడికాయ పులుపు ముక్క లోపలిదాకా దిగింది, ముక్క మాత్రం విరగలేదు. ముళ్లు ఎక్కువే. మా బుడ్డోడికి ఏరిపెట్టేసరికి నా అన్నం చల్లారిపోయింది. రసం నీళ్లే. ఫ్యాను ఒక్కటే. చేప ముక్కతో భోజనం 150. జూన్ ఆఖర్లో మళ్లీ వెళ్తా, ఈసారి ఫోన్ చేసి.