కడపలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల: ఫాల్గుణ, చైత్ర మాసాల చదువుపై సమీక్ష

ఫిబ్రవరి సగానికి వచ్చేసరికి కడపలో ప్రైవేటు బడుల కరపత్రాలు ఇంటింటికీ చేరుతాయి. ముందుగా చేర్పిస్తే ఫీజులో రాయితీ అని చెప్పేవారు గడప దాకా వస్తారు, చాలామంది తల్లిదండ్రులు ఆ నెలల్లోనే పిల్లల బడి సంగతి తేల్చేసుకుంటారు. ప్రభుత్వ బడిని మాత్రం ఆ సమయంలో ఎవరూ వెళ్లి చూడరు. చూసినా జూన్ 12న తలుపులు తెరిచిన తర్వాత, పుస్తకాలు ఇంకా పంచుతూ ఉండగా, పిల్లలు సర్దుకోకముందే చూసి, ఒక అభిప్రాయానికి వచ్చేస్తారు. ప్రాథమిక పాఠశాల పనితీరును తెలుసుకోవడానికి ఫాల్గుణ, చైత్ర మాసాలను మించిన కాలం లేదని నా నమ్మకం, ఎందుకంటే ఏడాది పొడవునా చెప్పిన చదువు పిల్లల నోట ఎంత నిలిచిందో, బడికీ వీధికీ మధ్య సంబంధం ఎంత గట్టిదో అప్పుడే బయటపడుతుంది. మా అమ్మాయి మూడో తరగతి చదివిన బడిని 2025 వసంతంలో దగ్గరగా గమనించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఇందులో మెచ్చుకోళ్లూ ఉన్నాయి, ఫిర్యాదులూ ఉన్నాయి కనుక బడి పేరు రాయడం లేదు.

పాఠశాల నగరం చివర, పాలకొండల వైపు పోయే దారిలో ఉంది. రెండు గదులు, ఒక వరండా, వంటగది, ఆవరణలో పెద్ద వేపచెట్టు. ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం పనుల్లో వేసిన ఆకుపచ్చ బోర్డులు, నీళ్లు వచ్చే మరుగుదొడ్లు ఇప్పటికీ బాగానే ఉన్నాయి. ఒకటి నుంచి ఐదు వరకు తరగతులకు ఉపాధ్యాయులు ఇద్దరే. అరవై మంది లోపు పిల్లలుంటే ఇద్దరు చాలునని విద్యాహక్కు చట్టం చెబుతుంది కాబట్టి నిబంధన ప్రకారం ఇది లోటు కాదు, అయినా ఐదు తరగతులను ఇద్దరు చూసుకోవడం ఎంత భారమో ఒక్క పూట అక్కడ కూర్చుంటే అర్థమవుతుంది. 2022లో జీవో 117 వచ్చినప్పుడు చాలా చోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించారు. ఇక్కడ ఐదు తరగతులూ ఒకే కప్పు కింద మిగిలాయి. ఆ మేలు ఎంతటిదో ఐదో తరగతి పిల్లలు ఒకటో తరగతి వారిని పక్కన కూర్చోబెట్టుకుని కథలు చదివి వినిపిస్తున్నప్పుడు తెలిసింది.

చదువు చెప్పే తీరు గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ బడికి నేను ఎక్కువ మార్కులు వేసేది ఇక్కడే. మార్చి మొదటి వారంలో ఒక ఉదయం మూడో తరగతిలో తీసివేతలు జరుగుతున్నాయి. ఒక అబ్బాయి 42లోంచి 17 తీసివేసి 35 అని రాశాడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేయడం ఆ వయసు పిల్లలు తరచుగా చేసే పొరపాటు. ఉపాధ్యాయురాలు దానిని ఎర్ర సిరాతో కొట్టివేయలేదు, సరైన జవాబూ చెప్పలేదు. చీపురు పుల్లలను పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి కట్టిన నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు అతని ముందు పెట్టి, తనకు పదిహేడు ఇమ్మని అడిగారు. అతను ఒక కట్ట ఇచ్చాడు. ఇంకా ఏడు కావాలి, చేతిలో విడిగా ఉన్నవి రెండే. కాసేపు వాటినే చూస్తూ కూర్చుని, "మేడం, కట్ట ఇప్పొచ్చా?" అని అడిగాడు. "నీవే కదబ్బీ, ఇప్పుకో" అన్నారావిడ. రబ్బరు బ్యాండు తీసి, పన్నెండు విడి పుల్లల్లోంచి ఏడు లెక్కపెట్టి ఇచ్చి, మిగిలిన రెండు కట్టలనూ ఐదు పుల్లలనూ చూసుకుని, ఎవరూ చెప్పకుండానే పలక మీది 35ను తుడిచి 25 అని రాశాడు. ఆ తర్వాత గానీ ఆవిడ నాలుగును కొట్టి పైన చిన్న మూడు వేసే పద్ధతి చూపించలేదు.

పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకోమని బట్టీ పట్టించే బడులు మా చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. అక్కడి పిల్లలు వేగంగా చేస్తారు, సున్నాలున్న లెక్క వచ్చేసరికి తడబడతారు. ఇక్కడి పిల్లలు నెమ్మదిగా చేస్తారు, తమకు వచ్చిన జవాబు ఎలా వచ్చిందో చెప్పగలుగుతారు. వేగం కావాలనుకునే తల్లిదండ్రులకు ఈ బడి నచ్చకపోవచ్చు. నాకు మాత్రం ఎనిమిదేళ్ల వయసులో పదుల స్థానం అంటే ఏమిటో చేతితో పట్టుకుని తెలుసుకోవడం చాలా విలువైన విషయం అనిపిస్తుంది.

చదవడం విషయంలోనూ ఇదే పద్ధతి. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలి, ప్రాథమిక లెక్కలు చేయాలి అన్న లక్ష్యంతో 2021లో నిపుణ్ భారత్ మొదలైంది. ఆ లక్ష్యం ఈ బడిలో గోడ మీది పోస్టరుగా మిగిలిపోలేదు. వరండాలో కట్టిన తాడుకు కథల పుస్తకాలు వేలాడదీసి ఉంటాయి, పిల్లలు తమకు నచ్చినది తీసుకుని చదువుతారు. మార్చిలో ఒక శనివారం తల్లిదండ్రులను పిలిచి, అంతకుముందు చూడని పేజీని ప్రతి బిడ్డ చేతా చదివించారు. ముందే బట్టీ పట్టిన పద్యం అప్పజెప్పించడం కాదిది. ఇద్దరు పిల్లలు ఒత్తుల దగ్గర ఆగిపోయారు, ఒక పాప మాట మాటకూ వేలు పెట్టుకుని చదివింది. ఉపాధ్యాయులు వాటిని దాచే ప్రయత్నం చేయలేదు, ఏ బిడ్డకు ఇంట్లో ఏం చేయించాలో ఆ తల్లికి విడిగా కూర్చోబెట్టి చెప్పారు. పిల్లల బలహీనతను నలుగురిలో కనిపించనివ్వడానికి ధైర్యం కావాలి, ఆ తర్వాత తల్లితో గౌరవంగా మాట్లాడడానికి సంస్కారం కావాలి. రెండూ ఇక్కడ చూశాను.

ఇంగ్లీషు సంగతి వేరు. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు పిల్లలకు బాగా అక్కరకు వస్తున్నాయి, కాని మాట్లాడడం దగ్గర ఈ బడి వెనుకబడే ఉంది. ఐదో తరగతి పిల్లలు ఇంగ్లీషు వాక్యాన్ని చదివి తెలుగులో అర్థం చెప్పగలరు, తమంతట తాము రెండు వాక్యాలు మాట్లాడమంటే మొహమాటపడతారు.

ఫిబ్రవరి 21న అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం నాడు పిల్లలందరినీ తమ ఇంటి భాషలో కథ చెప్పమన్నారు. కడపలో ఇంటి భాష అంటే తెలుగు ఒక్కటే కాదు. ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలు ఉర్దూలో చెప్పారు, సుగాలీ కుటుంబం నుంచి వచ్చిన పాప తన భాషలో చెప్పి, అర్థం కాని వారికి తానే తెలుగులో వివరించింది. అప్పటి దాకా వెనుక వరుసలో నోరు మెదపని ఆ పాప మరునాటి నుంచి ముందుకు వచ్చి కూర్చుంటోందని మా అమ్మాయి చెప్పింది. ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవం మామూలుగా జరిగింది, దాని గురించి పెద్దగా చెప్పడానికి లేదు.

బడికీ వీధికీ మధ్య ఉన్న సంబంధం ఉగాది సమయంలో స్పష్టంగా కనిపించింది. 2025లో ఉగాది మార్చి 30న, రంజాన్ 31న పడ్డాయి. ఉగాది ఆదివారం కావడంతో శనివారం ఉదయమే బడిలో పచ్చడి చేశారు. ఆవరణలోని వేపచెట్టు కింద గుడ్డ పరిచి కొమ్మలు దులిపి, రాలిన పువ్వును పిల్లలే ఏరారు. ఏరుతూనే ఒక్కో పువ్వుకు ఎన్ని రేకులున్నాయో లెక్కపెట్టి ఐదని నోటు పుస్తకంలో బొమ్మ వేసుకున్నారు. కొత్త చింతపండు, బెల్లం, మామిడికాయలు ఇళ్ల నుంచి వచ్చాయి. ఉపవాసంలో ఉన్న ఒక తల్లి మామిడికాయ ముక్కలు సన్నగా కోసి పచ్చడి కలిపి పెట్టింది. తాను రుచి చూడదు కనుక పులుపు సరిపోయిందా, తీపి చాలిందా అని పిల్లలనే అడిగి బెల్లం వేసింది. ఏప్రిల్ 1న బడి తెరిచినప్పుడు ఆ ఇంటి నుంచే పిల్లలందరికీ సేమియా వచ్చింది.

ఉగాది నాడు ముస్లింలు దేవుని కడప వేంకటేశ్వరుని దర్శనానికి వెళ్లడం, స్వామి దేవేరిగా చెప్పుకునే బీబీ నాంచారిని తమ ఇంటి ఆడపడుచుగా తలచి సారె సమర్పించుకోవడం ఈ ఊరికి పాత ఆనవాయితీ. దాని మీద ఐదో తరగతి అబ్బాయి ఒకడు వాళ్ల నానమ్మను అడిగి తెలుసుకుని గోడపత్రికలో అరపేజీ రాశాడు. అక్షర దోషాలున్నాయి, ఉపాధ్యాయురాలు వాటిని పక్కన పెన్సిలుతో దిద్ది, రాతను అలాగే ఉంచారు. చుట్టూ ఉన్న ఊరిని పాఠంలోకి తెచ్చుకోవడం అంటే ఇదేనని నేననుకుంటాను. ఫిబ్రవరిలో నాలుగు, ఐదు తరగతుల వారిని సీపీ బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకువెళ్లి తాళపత్రాలు చూపించారు. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ అనే ఇంగ్లీషు ఉద్యోగి తెలుగు ఎందుకు నేర్చుకున్నాడన్న ప్రశ్న పిల్లలను చాలా రోజులు వదలలేదు.

భోజనం గురించి తల్లిదండ్రులు మొదట అడుగుతారు కనుక చెబుతున్నాను. డొక్కా సీతమ్మ పేరు మీద నడుస్తున్న మధ్యాహ్న భోజన పథకంలో ప్రాథమిక తరగతుల బిడ్డకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. వంట చేసేది మా వీధి పొదుపు సంఘం మహిళలే. పప్పు ఎప్పుడూ బాగుంటుంది, రాగి జావ వేడిగా, ఉండలు కట్టకుండా ఉంటుంది. అన్నం కొన్ని రోజులు ముద్దగా వచ్చింది. పిల్లలకు వడ్డించే ముందు ఒక తల్లి రుచి చూసి రిజిస్టరులో సంతకం చేస్తుంది, ముద్దగా ఉన్న రోజున ముద్దగా ఉందనే రాస్తుంది.

ఇక లోపాలు. మార్చి 17 నుంచి పదో తరగతి పరీక్షలు మొదలవగానే ఇద్దరు ఉపాధ్యాయుల్లో ఒకరిని ఇన్విజిలేషనుకు పంపారు. అలా వెళ్లిన రోజుల్లో ఐదు తరగతులూ ఒక్కరి మీద పడ్డాయి, చదివించే కార్యక్రమం ఆగిపోయింది, చిన్న తరగతుల వారికి బొమ్మలకు రంగులు వేయడమే చదువైంది. సంవత్సరమంతా వేసిన పునాది గట్టిపడవలసిన సమయంలో ఇలా జరగడం నాకు బాధ కలిగించింది. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలు కావాలి. ఆ కమిటీ కూర్చుని, పరీక్షల రోజుల్లో డీఎడ్ (ఉపాధ్యాయ శిక్షణ) చదువుతున్న విద్యార్థులను ఉదయం పూట సాయంగా రమ్మని అడగవచ్చు. మార్చి సమావేశంలో ఈ మాట కొందరు తల్లులు గట్టిగానే అడిగారు, వచ్చే ఏడాదికి చూద్దామన్న జవాబు వచ్చింది.

రెండోది ఒంటిపూట బడి. 2025లో మార్చి 15 నుంచి ఉదయం 7:45కు మొదలై మధ్యాహ్నం 12:30కు ముగిసేది. ఎండాకాలంలో పొద్దున్నే చదువుకోవడం మంచిదే, నీళ్లు తాగమని మధ్య మధ్య గంట కొట్టడం ఇంకా మంచిది. అయితే కడప ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు పిల్లలను ఇంటికి పంపుతున్నారు. భోజనం చేసిన వెంటనే టోపీ కూడా లేకుండా నడిచిపోయే ఏడేళ్ల పిల్లలను చూస్తే ఏ తల్లికైనా మనసు చివుక్కుమంటుంది. ఇంట్లో పెద్దవారు పనికి పోయిన పిల్లలనైనా ఎండ తగ్గే వరకు వేపచెట్టు కింద, కథల పుస్తకాల దగ్గర ఉంచే ఏర్పాటు చేయవచ్చు. దానికి డబ్బు అక్కరలేదు, రోజుకొక తల్లి కూర్చుంటే చాలు. రెండు గదుల్లో ఒకదానికి పడమటి కిటికీలు ఉండడం వల్ల చలికాలం నుంచే మధ్యాహ్నం ఉక్కపోత మొదలవుతుంది, కిటికీలకు చాపలు కట్టే పని కూడా కమిటీ చేతిలోనిదే.

ఇన్ని చెప్పిన తర్వాత కూడా మా అమ్మాయిని నాలుగో తరగతికి ఇక్కడే ఉంచుతున్నాను. చదవడం, రాయడం, లెక్క అనే మూడింటినీ నిదానంగా, అర్థమయ్యేలా నేర్పించాలనుకునే వారికి, ఇంటి పక్క పిల్లలతో కలిసి పెరగాలనుకునే వారికి ఈ బడి తగినది. ఇంగ్లీషు మాట్లాడడం మొదటి అవసరం అనుకునేవారు ఇంట్లో వేరే ఏర్పాటు చేసుకోవలసి ఉంటుంది. రోజంతా బిడ్డను బడిలోనే ఉంచవలసిన ఉద్యోగస్తులకు మార్చి, ఏప్రిల్ నెలలు ఇబ్బందిగా ఉంటాయి.

ఫీజు లేదు. పుస్తకాలు, ఏకరూప దుస్తులు, బూట్లు ఉచితం. మీ వీధిలోని ప్రభుత్వ బడిని చూడదలచినవారు ఒంటిపూట రోజుల్లో ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో వెళ్లి, ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకుని, మూడో తరగతి పిల్లల చేత ఒక కొత్త పేజీ చదివించి చూడండి. భోజన సమయం వరకు ఉండి రిజిస్టరు కూడా చూడండి. 2025లో ఏప్రిల్ 23 చివరి పనిదినం, మరునాటి నుంచి వేసవి సెలవులు ఇచ్చారు.