తాగి నడిపేవాడిని ఎక్కడ ఆపాలి, రోడ్డు మీదా? బార్లోనా? ఏ చట్టం మేలు?

"నాకేం ఎక్కలేదు, నేను బాగానే ఉన్నా" అని తాగినవాళ్లందరూ అంటారు, అబద్ధంగా కాదు, నిజంగా అలా నమ్మే అంటారు. ఎందుకంటే మద్యం ముందుగా దెబ్బకొట్టేది కాళ్లని కాదు, "ఇప్పుడు నేను నడపగలనా" అని తేల్చుకునే తెలివిని. అలాంటి స్నేహితుడి బండి వెనక నేనూ ఒకసారి కూర్చున్నాను, ఇల్లు చేరేదాకా నోట మాట రాలేదు. అప్పటినుంచి తాగుడు చట్టం ఏది కనబడినా నేను చూసేది ఒక్కటే, అది మనిషిని తాగకముందు ఆలోచించుకోమంటోందా, తాగిన తర్వాతా?

ముందు డ్రైవర్ల సంగతి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాకా నడపొచ్చు, 1967 నాటి చట్టం నుంచీ ఇదే. అమెరికాలోనూ ఇంతే, యూటా రాష్ట్రం మాత్రం 2018 చివర్లో 50కి తగ్గించుకుంది. మన దేశంలో 30, స్వీడన్, నార్వేలలో 20, హంగరీ, చెక్ రిపబ్లిక్‌లలో సున్నా.

80తో నాకున్న పేచీ ఏంటంటే, అది తాగుతున్న మనిషి చేత లెక్కలు వేయిస్తుంది. ఎంత తాగితే 80 అవుతుందన్నది బరువును బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి, కడుపులో తిండి ఉందా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఒకే సీసా పంచుకున్న ఇద్దరిలో ఒకరు పరిమితి లోపల ఉండి, ఇంకొకరు దాటిపోవచ్చు. ఆ లెక్క టేబుల్ దగ్గర కూర్చుని ఎవరికీ తేలదు, రెండో గ్లాసు తర్వాత అసలే తేలదు. సున్నా అయితే ఆ బాధ లేదు, బండి తాళాలు తీసుకునేటప్పుడే తేలిపోతుంది. కాకపోతే పచ్చి సున్నా పెడితే దగ్గు మందులో, నోరు పుక్కిలించే ద్రవంలో ఉన్న కాస్త ఆల్కహాల్‌కి కూడా గొడవ వచ్చే అవకాశం ఉంది కాబట్టి, నా ఓటు స్వీడన్ తరహా 20కే. మనిషికి "అస్సలు వద్దు" అని చెప్పినట్టే ఉంటుంది, అమాయకుడూ ఇరుక్కోడు.

మర్నాడు పొద్దున సంగతి మాత్రం చాలామందికి తట్టదు. సుమారుగా చెప్పాలంటే మన శరీరం రక్తంలో ఈ అంకెను గంటకు 15 మిల్లీగ్రాముల వంతున మాత్రమే తగ్గిస్తుంది. అర్ధరాత్రి 120 దగ్గర పడుకున్నవాడికి పొద్దున ఆరింటికి ఇంకా 30 ఉంటుంది. కాఫీ తాగినా, చన్నీళ్ల స్నానం చేసినా మెలకువ వస్తుందేమో గానీ రక్తంలో అంకె దిగదు.

అయితే అంకె ఒక్కటే తగ్గించి ఊరుకుంటే సరిపోదు. స్కాట్లాండ్ 2014 డిసెంబర్‌లో 80ని 50 చేసింది, గ్లాస్గో విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రమాదాల లెక్కలు తీస్తే తగ్గుదల కనబడలేదు, తనిఖీలు గట్టిగా లేకపోవడమే కారణం అయ్యుండొచ్చని వాళ్లన్నారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 1982లో వేరే దారి పట్టింది, అనుమానం అక్కర్లేదు, రోడ్డు మీద వచ్చిన ఎవరినైనా ఆపి ఊదించొచ్చు. అనుమానం వస్తేనే ఊదించడం, ఎవరినైనా ఊదించడం, ఈ రెండింట్లో నాకు రెండోదే మేలనిపిస్తుంది. నిటారుగా కూర్చుని మర్యాదగా మాట్లాడే తాగుబోతు మొదటిదాంట్లో తప్పించుకుంటాడు. పైగా "ఈ రాత్రి కచ్చితంగా ఆపుతారు" అన్న టెన్షన్ ఇంటి దగ్గరే మొదలవ్వాలి, అదే కదా కావలసింది.

మైనర్ల విషయంలో 18 మేలా 21 మేలా అన్నది పాత తగువు. "ఓటు వేయొచ్చు, సైన్యంలో చేరొచ్చు, గ్లాసు మాత్రం పట్టుకోకూడదా" అనే వాదన తేలిగ్గా కొట్టేసేది కాదు. అమెరికా 1984లో చట్టం తెచ్చి, 21 పెట్టని రాష్ట్రాలకు రహదారుల నిధుల్లో కోత పెట్టింది. న్యూజిలాండ్ ఎదురు దిక్కుకి వెళ్లి 1999లో కొనే వయసును 20 నుంచి 18కి దించింది. ఆ తర్వాత అక్కడ 18, 19 ఏళ్లవాళ్ల ప్రమాదాలే కాదు, 15 నుంచి 17 ఏళ్ల పిల్లల ప్రమాదాలూ పెరిగాయని పరిశోధనలో తేలింది. 18 ఏళ్లవాడి స్నేహితులకు పదహారూ పదిహేడే కదా, ఒకడు కొంటే నలుగురు తాగుతారు. నాకు ఇదొక్కటే చాలు 21 వైపు మొగ్గడానికి. ఒకవేళ 18 తప్పదనుకుంటే జర్మనీ పద్ధతి కొంత నయం, కొత్తగా లైసెన్స్ వచ్చినవాళ్లకూ 21 నిండనివాళ్లకూ 2007 నుంచి అక్కడ సున్నా, మిగతావాళ్లకు 50.

ఇక బార్లు, హోటళ్లు. నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే ఉంది, ఎందుకంటే ఆ గదిలో మత్తులో లేని మనిషి పోసేవాడొక్కడే.

త్వరగా మూయించడం ఒక దారి. న్యూజిలాండ్‌లో 1917 నుంచి 1967 దాకా సాయంత్రం ఆరింటికే బార్లు మూసేవారు. జనం పని దిగి పరుగున వచ్చి, ఉన్న ఆ కాస్త టైములోనే గటగటా తాగి, అందరూ ఒకేసారి రోడ్డెక్కేవారు. గడియారాన్ని కట్టడి చేస్తే గ్లాసు ఆగలేదు.

ఇంకో దారి, పోసినవాడినీ బాధ్యుడిని చేయడం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో బాగా మత్తులో ఉన్నవాడికో, మైనర్‌కో పోశాక వాడు ఎవరినైనా గుద్దితే, బాధితులు బార్ మీద కూడా దావా వేయొచ్చు. జపాన్ ఇంకా ముందుకెళ్లింది. 2006 ఆగస్టులో ఫుకువోకాలో తాగిన డ్రైవర్ ఒకడు వెనకనుంచి గుద్దితే ఒక కుటుంబం కారు వంతెన మీదనుంచి సముద్రంలో పడి ముగ్గురు చిన్నపిల్లలు చనిపోయారు. మరుసటి ఏడాది చట్టం మార్చి, నడుపుతాడని తెలిసీ మద్యం పోసినవాళ్లకు, బండి ఇచ్చినవాళ్లకు, డ్రైవర్ తాగాడని తెలిసీ తనను తీసుకెళ్లమని పక్కన ఎక్కినవాళ్లకు కూడా శిక్షలు పెట్టారు. జైలు కూడా ఉంది.

దావా మంచిదా, జపాన్ శిక్ష మంచిదా అంటే నేను జపాన్ వైపే. దావాలో డబ్బు వస్తుంది, అదీ ఎవరో పోయాక లేదా కాళ్లు విరిగాక. బీమా ఉన్న యజమాని దాన్ని ఖర్చుల్లో ఒకటిగా రాసుకోవచ్చు. శిక్ష అలా కాదు, పోసే మనిషి మీదకే వస్తుంది కాబట్టి గ్లాసు ఇచ్చేముందే "బండి మీద వచ్చారా" అని అడుగుతాడు. అక్కడ స్నేహితుల్లో ఒకరు ఆ పూట తాగకుండా ఉండి అందరినీ ఇళ్లకు దింపే పద్ధతిని ప్రచారం చేశారు. ఫోన్ చేస్తే ఇద్దరు వచ్చి, ఒకరు మీ కారు నడిపి, రెండోవారు తమ కారులో వెనకే వచ్చే సర్వీసు కూడా ఉంది. ఇలాంటి ఏర్పాటు లేకుండా శిక్ష ఒక్కటే పెడితే, అర్ధరాత్రి కస్టమర్‌తో గొడవ పడాల్సింది తక్కువ జీతానికి పనిచేసే సర్వర్ కుర్రాడే, అది అన్యాయం. "ఇక చాలు సార్" అన్నందుకు అతని ఉద్యోగం పోకూడదని కూడా ఆ చట్టంలోనే ఉండాలి.

"మేం పోయకపోతే పక్క బార్‌కి పోతాడు" అని యజమానులు అంటారు. పోనివ్వండి, అక్కడా ఇదే చట్టం, అక్కడ కూడా ముందు అడిగేది బండి గురించే.