ఫోన్లు బ్యాగులో, కార్డులు చేతిలో: క్లాసులో ప్లికర్స్ వాడాక

కొత్త యాప్ అనగానే నాకు ఉత్సాహం కన్నా అనుమానమే ముందొస్తుంది. హైస్కూలు పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. స్టాఫ్‌రూమ్‌లోకి ఆర్భాటంగా దిగిన సాఫ్ట్‌వేర్లు చాలానే చూశాను, వాటిలో ఎక్కువ భాగం నేను పాస్‌వర్డ్ మర్చిపోయిన రోజుతో సరి. కాగితం కార్డులతో క్లాసులో క్విజ్ పెట్టే ప్లికర్స్ అనే యాప్ మాత్రం నిలబడింది, దాని కార్డులు రెండో ఏడాది కూడా నా బ్యాగులోనే ఉన్నాయి.

దీనికి ముందు వాడింది వేరే క్విజ్ యాప్. పేరు ఎందుకులెండి. సంగీతం మోగుతూ ఉంటుంది, సెకన్లు పరిగెడుతూ ఉంటాయి, ముందు నొక్కినవాళ్లకు ఎక్కువ పాయింట్లు, ప్రశ్న ప్రశ్నకీ తెరమీద మొదటి ఐదుగురి పేర్లు. క్లాసు హోరెత్తిపోయేది. నేనూ మురిసిపోయాను, ఓ మూడు వారాలు. ఆ తర్వాత చూస్తే ఆ ఐదు పేర్లూ ఎప్పుడూ అవే. చివరి బెంచీలో ఒకమ్మాయి ప్రశ్న పూర్తిగా చదవకుండానే ఏదో ఒకటి నొక్కేసి ఫోన్ బోర్లించి పెట్టేది. ఎందుకమ్మా అంటే, "ఎలాగూ వెనకే ఉంటాను కదా టీచర్, తొందరగా అయిపోతుందని" అంది. ఆ సాయంత్రమే దాన్ని తీసేశాను.

ప్లికర్స్‌లో పిల్లల దగ్గర ఏ పరికరమూ ఉండక్కర్లేదు. ఒక్కొక్కరికి ఒక్కో కాగితం కార్డు, అంతే. కార్డు మీద నలుపు తెలుపు గళ్ల బొమ్మ, క్యూఆర్ కోడ్‌కి దూరపు చుట్టంలా ఉంటుంది. నాలుగు పక్కలా చిన్న అక్షరాల్లో ఏ, బి, సి, డి. జవాబు బి అనుకుంటే బి ఉన్న పక్క పైకొచ్చేలా కార్డు తిప్పి పట్టుకోవాలి. నేను నా ఫోన్ కెమెరాని గదిలో ఈ చివర నుంచి ఆ చివరికి నెమ్మదిగా తిప్పుతాను. ఎవరు ఏమన్నారో నా ఫోన్‌లో పేర్లతో సహా పడుతుంది. పెద్ద తెర మీద మాత్రం ఎవరి కార్డు చదవడం అయిందో కనిపించేలా పెట్టుకుంటాను, ఎవరు తప్పన్నారో నేను చూపిస్తే తప్ప కనిపించదు. ఒక్కో నంబరుకి ఒక్కో బొమ్మ కాబట్టి పక్కవాడి కార్డు వాలకం చూసి కాపీ కొట్టడమూ అంత తేలిక కాదు. కార్డులు వాళ్ల వెబ్‌సైట్ నుంచి దించుకుని మనమే ప్రింట్ తీసుకోవచ్చు. మామూలు సెట్లో 40 ఉంటాయి, పెద్ద క్లాసులకి 63 కార్డుల సెట్ ఉంది.

మొదటి వారం నా తెలివితక్కువతనంతోనే గడిచింది. కార్డులు నలిగిపోతాయని ముందుచూపుగా అన్నిటికీ తళతళలాడే లామినేషన్ చేయించాను. తీరా క్లాసులో ట్యూబ్‌లైట్ వెలుగు వాటి మీద పడి తెల్లగా మెరిసింది, కిటికీ వైపు వరస మొత్తం ఫోన్‌కి కనిపించలేదు. "కాస్త కిందికి వంచండి, ఇంకాస్త, అయ్యో మరీ అంత కాదు" అంటూ పది నిమిషాలు. మళ్లీ మందపాటి మామూలు కాగితం మీద ప్రింట్ తీశాను. ఇంకో సంగతి, గళ్ల మీద వేళ్లు అడ్డం పెడితే కార్డు చదవదు. తెల్లటి అంచులు పట్టుకోమని వారానికోసారైనా చెప్పాల్సి వస్తుంది.

ఒక అబ్బాయి అయితే వరసగా అన్నీ తప్పే. నోటితో అడిగితే అన్నీ కరెక్టు. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. చివరికి వాడి పక్కన నిలబడి చూస్తే విషయం తెలిసింది. కార్డుని తన వైపు పెట్టుకుని అక్షరం సరిగ్గా పైకి తెచ్చుకుంటున్నాడు, తర్వాత నాకు చూపించడానికి దాన్ని గోడ క్యాలెండర్ పేజీ తిప్పినట్టు కింద నుంచి పైకి తిప్పుతున్నాడు. దాంతో పైనున్న అక్షరం కిందికి పోతోంది. పుస్తకం పేజీ తిప్పినట్టు పక్కకి తిప్పరా అన్నాను. మొదటి రోజు క్లాసు మొత్తంచేత ఒక ఉత్తుత్తి ప్రశ్న ఆడిస్తే ఈ గొడవ ఉండదు.

ఇక అసలు ఉపయోగం. ఒక బ్యాటరీ, సిరీస్‌లో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా, రెండు ఒకేలాంటి బల్బులు. ఏది ఎక్కువ వెలుగుతుంది? ఏ: బ్యాటరీ ప్లస్ వైపున్నది. బి: మైనస్ వైపున్నది. సి: రెండూ సమానం. డి: రెండూ వెలగవు. ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, ప్రతిసారీ "అర్థమైందా?" అంటే "అయింది టీచర్" అనే వచ్చేది. కార్డులు ఎత్తించిన రోజు 36 మందిలో 19 మంది ఏ అన్నారు. వాళ్ల లెక్క ప్రకారం మొదటి బల్బు కరెంటుని కొంత తినేస్తుంది, మిగిలిందే రెండోదానికి. ఇన్నేళ్లూ నా "అర్థమైందా" కింద ఇది దాక్కుని ఉందన్నమాట.

ఇక్కడ ఒక పాత పద్ధతి అక్కరకొచ్చింది. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పీర్ ఇన్‌స్ట్రక్షన్. ప్రశ్న అడగాలి, ఎవరికి వాళ్లు జవాబివ్వాలి. సరైన జవాబు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే టీచర్ నోరు కట్టుకుని, పక్కవాళ్లతో వాదించుకోమని వదిలెయ్యాలి, తర్వాత మళ్లీ ఓటు. 30 కంటే తక్కువైతే పాఠం మళ్లీ చెప్పుకోవాలి, 70 దాటితే రెండు ముక్కల్లో తేల్చి ముందుకెళ్లాలి. మా ప్రశ్నకి సరైన జవాబు సి, అది అన్నవాళ్లు 13 మంది, అంటే 36 శాతం. సరే మాట్లాడుకోండి అన్నాను. నోరు కట్టుకోవడం ఎంత కష్టమో టీచర్లకే తెలుస్తుంది. ఫోన్ బోర్లించే ఆ అమ్మాయి సి వాళ్లలో ఉందని నా ఫోన్‌లో కనిపిస్తోంది. ఆమె పక్కనున్నది వెనకటి ఐదుగురిలో ఒకడు, ఏ అన్నవాడు. "మొదటి బల్బు కరెంటు తినేస్తే బ్యాటరీకి తిరిగి వెళ్లేది తగ్గాలి కదా, మరి తీగలో ఎక్కడ పోగవుతోంది?" అని అడిగింది. వాడి దగ్గర జవాబు లేదు. రెండో ఓటులో సి 28కి చేరింది.

మిగిలిన ఎనిమిది మందికి కూడా నేను ఉపన్యాసం ఇవ్వలేదు. కొలరాడో యూనివర్సిటీ బౌల్డర్ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు ఉన్నాయి కదా, తెరమీదే ప్రయోగాలు చేసి చూసేవి, ఫిజిక్స్‌లో నోబెల్ అందుకున్న మరుసటి ఏడాది, 2002లో, కార్ల్ వీమన్ మొదలుపెట్టినవి, ఉచితమే. అందులో సర్క్యూట్ కిట్ తెరిచి ఒక పిల్లాడిచేత కట్టించాను. 9 వోల్టుల బ్యాటరీ, 10 ఓమ్‌ల బల్బులు రెండు. కరెంటు కొలిచే అమ్మీటర్‌ని మొదటి బల్బుకి ముందు, రెండు బల్బుల మధ్యలో, రెండో బల్బు తర్వాత పెట్టి చూశారు. మూడు చోట్లా 0.45 ఆంపియర్లే. తీగల్లో ఎలక్ట్రాన్లు అంతటా ఒకే వేగంతో కదులుతున్నాయి. వెనక నుంచి ఎవరో బల్బు లేకుండా బ్యాటరీ రెండు చివరలూ కలిపెయ్యమన్నారు, తెరమీద మంట లేచింది, ఐదు నిమిషాలు క్లాసు నా చేతిలో లేదు. పోనీలెండి, షార్ట్ సర్క్యూట్ పాఠం కూడా అయిపోయింది.

ప్లికర్స్‌తో అన్నీ కుదరవు. నాలుగు ఆప్షన్ల ప్రశ్నలే, దాంతో "ఎందుకు?" అనేది కార్డులో పట్టదు, అది పిల్లల నోటినుంచి రావాల్సిందే. డెరివేషన్లకి, ప్రాబ్లమ్స్‌కి నేను దీని జోలికే పోను. నెట్ లేనిచోట దీన్ని నమ్ముకోవద్దు. గదిలో వెలుతురు తక్కువుంటే చివరి వరస కార్డులు కెమెరాకి అందవు, నాలుగడుగులు నడవాలి. అది నాకు ఇబ్బందిగా అనిపించలేదు, ఆ వంకన చివరి బెంచీ దాకా రోజూ వెళ్తున్నాను. అసలు ఖర్చు మన సమయం. మంచి ప్రశ్న ఒకటి తయారు చేయడానికి నాకు అరగంట పడుతుంది, ఎందుకంటే తప్పు ఆప్షన్లు పిల్లలు నిజంగా అనుకునేవై ఉండాలి. పై ప్రశ్నలో డి అలాంటిది కాదు, నాలుగోది ఏదో ఒకటి ఉండాలని పడేశాను. ఆ రోజు దాన్ని ఒక్కరూ ఎత్తలేదు.

రిపోర్టుల సంగతి. ప్రతి పిల్లవాడి జవాబులూ తేదీలవారీగా దాచిపెడుతుంది. వాటిని మార్కులుగా వేస్తే బాగుంటుందని ఒక సలహా వచ్చింది, వేయలేదు. మార్కులన్న మాట వినబడిన మరుక్షణం క్లాసు మొత్తం ఫస్ట్ ర్యాంకర్ కార్డు వైపు మెడలు సాచేస్తుంది. నేను చూసేది ఒక్కటే, నిన్న ఎక్కువమంది ఎక్కడ పడ్డారు. మరుసటి రోజు అక్కడినుంచి మొదలుపెడతాను.

ఐదుకి నాలుగు ఇస్తాను. వారానికి రెండు రోజులు, రోజుకి రెండు ప్రశ్నలు మించకుండా వాడితేనే. రోజూ వాడితే ఇది కూడా హాజరు పట్టీలా తయారవుతుంది. లామినేషన్ చేసిన ఆ పాత సెట్ ఇంకా బీరువాలోనే ఉంది. కాంతి పరావర్తనం పాఠం వచ్చినప్పుడు బయటికి తీస్తాను.