కాలేజీలో సినిమా: సెమినార్ హాలా, ఆరుబయలా?

సినిమా తర్వాత చర్చే ముఖ్యమైతే హాలే మేలు. లైట్లు ఆర్పి కర్టెన్లు మూస్తే 10 అడుగుల తెరకు 3,000 ల్యూమెన్ల (వెలుతురు కొలత) ప్రొజెక్టర్ చాలు. తెర కింది అంచు మాత్రం నేలకు 4 అడుగుల ఎత్తులో ఉండాలి. లేకపోతే ముందువాళ్ల తలలు సబ్‌టైటిళ్లను మింగేస్తాయి. చివర్లో లైట్లు సగమే వేసి, రెండు కార్డ్‌లెస్ మైకులు జనంలోకి పంపండి. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ దగ్గరే చర్చ ఆగిపోతుంది. ఒక్క సీను పట్టుకుని అడగాలి.

ఆరుబయట జనం ఎక్కువే, తలనొప్పులూ ఎక్కువే. పొద్దుగూకాక అరగంటైనా ఆగకపోతే చీకటి సీన్లు కనబడవు. గాలికి తెర ఉబ్బుతుంది, నాలుగు మూలలే కాదు, అంచుల పొడవునా కట్టాలి. సినిమా చివర పేర్లు పడుతుండగానే సగంమంది లేచిపోతారు, చర్చకు మిగలరు.