భీమిలి: దిగి నడిస్తేనే కనబడే ఊరు

విశాఖ నుంచి కారులో వచ్చి, ఇసుకలో నాలుగు ఫొటోలు దిగి, బజ్జీలు తిని వెనక్కి మళ్ళేవాళ్ళకి భీమిలి అరగంట పని. అసలు ఊరు బీచ్‌కి వీపు వెనక ఉంది. కొండతో కలిపి నాలుగు గంటలు, కొండ వదిలేస్తే రెండు గంటలు పెట్టుకోండి.

రావడానికి 900కే బస్సు మేలు. రుషికొండ మీదుగా దాదాపు 25 కిలోమీటర్లు సముద్రం పక్కనే వస్తుంది. కుడివైపు సీటు పట్టండి. 999 ఆనందపురం చుట్టూ తిరిగి వస్తుంది. యాప్ కారు విశాఖలో తేలిగ్గా దొరుకుతుంది, చిక్కంతా తిరుగు ప్రయాణంలోనే. దొరక్కపోతే షేర్ ఆటోలో తగరపువలస చేరి హైవే మీద బస్సెక్కడం నయం.

ముందు కొండ. ఎనిమిది దాటాక పావురాళ్ళకొండ ఎక్కితే ఎండ దంచేస్తుంది, పైన నీడ లేదు, కొట్టు లేదు. మనిషికి లీటరు నీళ్ళు కిందే కొనుక్కోండి. కొండవాలున నరసింహస్వామి గుడి, పైన బౌద్ధ విహారం శిథిలాలు. ఇటుక పునాదులు చూసి 'ఇంతేనా' అనుకోవద్దు. చూడాల్సింది రాతిని తొలిచి చేసిన తొట్లు, పదహారు. వానాకాలంలో పడిన నీరే భిక్షువులకు మిగతా నెలల ఆధారం. ఇటు విశాఖ దారిలో ఉన్న బౌద్ధ కొండ తొట్లకొండకి ఆ పేరు వచ్చింది కూడా ఇలాంటి తొట్ల వల్లే. అంచులు పాచిపట్టి జారతాయి, పిల్లల చెయ్యి వదలకండి.

దిగగానే డచ్చి సమాధులకి వెళ్ళండి, తొమ్మిదిలోపు. కారణం వెలుతురు. ఉప్పుగాలికి అరిగిన అక్షరాలు నడినెత్తి ఎండలో రాయిలో కలిసిపోతాయి. ఏటవాలుగా పడే పొద్దుటి ఎండలో నీడ తేలి చదవడానికి వీలవుతాయి. అప్పటికీ ఆనకపోతే ఫోన్ టార్చిని రాతి పక్కన, దాదాపు రాయికి ఆనించినట్టు పట్టండి. సుద్దముక్క రాయడం, నీళ్ళు చల్లడం మాత్రం వద్దు, పెచ్చులు ఇంకా లేస్తాయి. డచ్చి సమాధిరాళ్ళ మీద తరచూ కనిపించే మాట 'హియర్ లేట్ బెగ్రావెన్', ఇక్కడ పూడ్చి ఉన్నారని. 'ఒబీట్' పక్కనున్నది పోయిన తేదీ. పిరమిడ్ ఆకారపు కట్టడాలు ఇటుక, సున్నంతో కట్టినవి, ఎక్కి కూర్చుని ఫొటోలు దిగేవి కావు. గేటుకి తాళం ఉంటే గోడ దూకకండి. చుట్టుపక్కల ఇళ్ళలో అడిగితే తాళం సంగతి చెబుతారు. గడ్డి మోకాలెత్తు ఉన్న రోజుల్లో బూట్లు తప్పనిసరి.

మచిలీపట్నంలో వలందపాలెం అన్న పేరులో మిగిలిన వలందులు ఈ డచ్చివాళ్ళే, హాలండు నుంచి వ్యాపారానికి వచ్చినవాళ్ళు. 1825లో భీమిలి ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది, 1861లో మున్సిపాలిటీ అయింది, ఇప్పుడు విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో భాగం. ఇక్కణ్ణుంచి గోగునార, నూనెగింజలు, కరక్కాయలు ఓడలెక్కేవి. గోగునారని బయటి వ్యాపారులు 'బిమ్లీ జూట్' అన్నది ఈ ఊరి పేరు మీదే. మన గోంగూర మొక్క బంధువే అది! రైలు ఇటు రాలేదు, 1933లో విశాఖ హార్బరు తెరిచారు, ఇక్కడి రేవు సద్దుమణిగింది.

గడియారస్తంభం దారిలోనే తగులుతుంది, ఐదు నిమిషాలు చాలు. సెయింట్ పీటర్స్ చర్చికి ఎక్కువ సేపు ఇవ్వండి. 1864లో ప్రతిష్ఠ జరిగింది. రంగుటద్దాల కిటికీని లోపల నుంచే చూడాలి, బయటికి అది నల్లటి అద్దం. మామూలు రోజుల్లో తలుపు మూసి ఉండొచ్చు. ఆదివారం ప్రార్థన ముగిశాక అడిగి వెళ్తే పని అవుతుంది.

చివర లైట్‌హౌస్, గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటు. లైట్‌హౌస్ చిన్నది, తెల్లది. పైకి ఎక్కే ఆశతో రావద్దు. నది మొగ దగ్గర స్నానానికి దిగొద్దు: ఇసుకమేట ఒకచోట మోకాలి లోతు, రెండడుగులు దాటితే నేల అందదు, పోటు తిరిగేటప్పుడు లాగుడు ఎక్కువ.

బస విషయంలో నా ఓటు విశాఖకే. రుషికొండ, సాగర్‌నగర్ వైపు గది తీసుకుంటే మొదటి బస్సుకి దూరం తగ్గుతుంది. భీమిలిలో గదులు తక్కువ, సూర్యోదయం చూసి తీరాలనుకుంటేనే అక్కడ రాత్రి ఉండండి. మరుగుదొడ్డి కష్టం కూడా ఉంది, నడక మొదలుపెట్టే ముందే హోటల్లో ఆ పని చూసుకోండి. ఎర్రమట్టి దిబ్బలు దారిలోనే కదా అని ఈ నడకకి తగిలించొద్దు. మిట్టమధ్యాహ్నం అక్కడ నీడ ఉండదు, మట్టి రంగు కూడా వెలిసినట్టు కనిపిస్తుంది. సాయంత్రం నాలుగు తర్వాత, వేరే రోజున.