రైతు గింజ: 1921 దారా, 1928 దారా?

గుణుపూర్‌లో మా అరుగు మీద వడ్ల ధర మాటొస్తే నాకు సోవియట్ రష్యా గుర్తొస్తుంది. మిగిలిన గింజ రైతే అమ్ముకోవడం ఒక దారి, అంతా ప్రభుత్వమే లెక్కగట్టి తీసుకోవడం ఇంకో దారి. పదేళ్లు తిరక్కుండానే వాళ్లు ఈ రెండు దారులూ తొక్కారు.

1921లో లెనిన్ తెచ్చిన నూతన ఆర్థిక విధానంలో రైతు నిర్ణీత పన్ను ధాన్యంగా కట్టి, మిగిలింది బజారులో అమ్ముకోవచ్చు. బ్యాంకులు, భారీ పరిశ్రమలు ప్రభుత్వానివే. సేద్యం కోలుకుంది. లోపం లేదనను: 1923లో ఫ్యాక్టరీ సరుకు ధర పైకి, పంట ధర కిందికి పోయాయి. మా సంతలో చింతపండు అమ్మి బట్ట కొనేవాళ్లకు ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు.

1928లో పంచవర్ష ప్రణాళిక మొదలైంది. ఏది ఎంత తయారవాలో గోస్‌ప్లాన్ అనే ప్రభుత్వ ప్రణాళికా సంస్థ లెక్కగట్టేది. మాగ్నితోగోర్స్క్‌లో ఉక్కు కర్మాగారం లేచింది, నిజమే. కానీ ఏ సరుకు ఎక్కడ కరువో చెప్పే కబురే ధర. ధర కూడా పైనుంచే నిర్ణయించేసరికి ఆ కబురు ఆగిపోయింది. కిందివాళ్లు పైవాళ్లకు నచ్చే అంకెలు పంపారు. రైతుల పొలాలు కలిపేసి చేసిన సమష్టి క్షేత్రాల నుంచి ధాన్యం ఊడ్చుకుపోయారు. 1932-33లో ఉక్రెయిన్, కజకిస్థాన్‌లలో లక్షల మంది ఆకలితో పోయారు. ఆ చావులకు ఏ ఉక్కూ సరిరాదు.

నా మొగ్గు మొదటిదానికే. మద్దతు ధర కావాలనే అంటాను. మండీకి తోలాలా, ఇంట్లో ఉంచుకోవాలా అన్నది రైతు చేతిలో ఉన్నంతకాలం అది 1921కే దగ్గర.